రిపోర్టులో 11 అంటే ఎంత?

క్యాంపులో ఎవరికి ఆసుపత్రి కాగితం వచ్చినా ముందు ఆఫీసు గుమాస్తాలమైన మా దగ్గరికే తెస్తారు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు చదవగలం కనుక పెద్దవాళ్లకు మా మీద నమ్మకం. ఒకసారి నిజామాబాద్ వైపు పెద్దమనిషి ఒకాయన షుగర్ రిపోర్టు పట్టుకొచ్చి, "తమ్మీ, ఊర్ల పరగడుపున రెండొందలు ఉండె. ఇక్కడ పదకొండే వచ్చింది. ఇగ గోలీలు బంద్ చేస్త" అన్నాడు. మేమూ సరేనన్నాం. నెల తిరక్కుండానే కాలి పుండు మానక ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఇక్కడి 11, ఊళ్లోని 200 దాదాపు ఒకటేనని అక్కడి డాక్టరు చెబితేగాని మాకు తెలియలేదు. తప్పు మాదే.

ఈ తికమక ఎలా వచ్చిందో చూస్తే, దాని వెనుక పెద్ద చరిత్రే ఉంది.

మన పాత వైద్యులు మూత్రానికి చీమలు పట్టడం చూసి మధుమేహాన్ని గుర్తించేవారు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో స్టాన్లీ బెనెడిక్ట్ ఒక నీలి ద్రావణం తయారుచేశాడు. అందులో మూత్రం కలిపి వేడిచేస్తే, చక్కెర లేకుంటే నీలంగానే ఉంటుంది. చక్కెర ఎక్కువైన కొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు. చదువురాని తాతకైనా ఆ గొట్టం చూపిస్తే అర్థమయ్యేది.

1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పరీక్ష కూడా రంగుదే. నీలిరంగు ఎంత చిక్కగా వస్తే భాస్వరం అంత ఎక్కువ. దానికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని పేరు.

తర్వాత రంగును యంత్రమే చూసి అంకె అచ్చువేయడం మొదలైంది. పని తేలికైంది గాని, రోగి చేతిలో మిగిలింది అంకె ఒక్కటే. ఆ అంకెకూ రెండు కొలతలు. వైద్యంలో అంతర్జాతీయ కొలతలు వాడమని 1977లో ప్రపంచ ఆరోగ్య సభ సిఫారసు చేసింది. కొన్ని దేశాలు మిల్లీమోల్‌కు మారాయి. మన దేశంలో షుగర్‌కు మిల్లీగ్రాముల లెక్కే నిలిచింది. సౌదీలో చాలా ఆసుపత్రులు మిల్లీమోల్‌లోనే రాస్తాయి.

లెక్క సులువే. మిల్లీమోల్ అంకెను 18తో గుణిస్తే మన ఊరి అంకె వస్తుంది. 5.6 అంటే సుమారు 100. 7 అంటే 126. 11 అంటే 198. పరగడుపున 126గానీ ఆపైన గానీ వస్తే మళ్లీ పరీక్ష చేసి షుగర్ జబ్బని తేలుస్తారు. ఈ 18 లెక్క షుగర్‌కు మాత్రమే. కొలెస్ట్రాల్‌కు, క్రియాటినిన్‌కు లెక్కలు వేరు.

ఇప్పుడు మేము కాగితం చదివి ఊరుకోవడం లేదు. అంకె పక్కన కొలత చూస్తాం. ఊరి లెక్కలోకి మార్చి పెద్ద అక్షరాలతో తెలుగులో రాసిస్తాం. చివర్లో "కాకా, నీకేమర్థమైందో ఒక్కసారి మాకు చెప్పు" అని అడుగుతాం. తల ఊపితే సరిపోదు, నోటితో చెప్పించుకోవాలి. గోలీ మానాలా వద్దా అన్నది మాత్రం డాక్టరే చెప్పాలి.

ఆ పెద్దమనిషి పుండు మెల్లగా మానింది. ఇప్పుడు కాగితం తెస్తే ఆయనే ముందు అడుగుతున్నాడు, "తమ్మీ, ఇది ఊరి లెక్కనా, సౌదీ లెక్కనా?" అని.