రాతి రథముపై శిఖరము

సండూరు కొండలు దాటి, హొసపేట మీదుగా హంపికి పోయి విఠ్ఠలాలయపు రాతి రథమును చూడనివారు మన కుటుంబములలో అరుదు. 2017లో వెలువడిన ఏబది రూపాయల నోటుపై గూడ ఆ రథమే యున్నది. అయితే మనము చూచు రథమునకు పైన శిఖరము లేదు. ఒకప్పుడు ఇటుకలతో కట్టిన శిఖరము దానిపై నుండెడిదని కన్నులకు గట్టించునది 1856 నాటి ఛాయాచిత్రము.

దానిని తీసినవాడు మద్రాసు సైన్యమున అధికారియైన అలెగ్జాండర్ గ్రీన్లా. ఆముక్తమాల్యదను రచించిన రాయల రాజధాని 1565 యుద్ధానంతరము పాడుపడి యుండగా, అతడు దానిని కాగితపు నెగటివులపై చిత్రించెను. నాటి పద్ధతి మీట నొక్కినంతనే ముగియునది కాదు. పలుచని కాగితమునకు మైనము పట్టించి, వెండి లవణములు పూసి, పెట్టెలో నమర్చి వెలుగు చూపవలెను. నెగటివు ఎంతయో అచ్చుదిగు చిత్రమును అంతయే; కావున పెద్ద చిత్రము కోరువాడు పెద్ద పెట్టెనే మోయించుకొని పోవలెను. వెలుగు చూపు కాలము నిమిషములలో లెక్క. అంతలో కదలిన మనిషి పొగవలె చెదరిపోవును; రాయి మాత్రము నిలుచును. మైనపు కాగితమున కొక సుగుణము గలదు. తడి గాజుపలకవలె దానిని అప్పటికప్పుడే కడుగ నక్కరలేదు. ముందుగా సిద్ధపరచుకొని పోయి, బసకు మరలిన పిమ్మట కడుగవచ్చును. బళ్లారి సీమ ఎండలో ఇది చిన్న మేలు కాదు.

ఇక నేర్పంతయు ఎచట నిలువవలెను, ఏ వేళ తీయవలెను అను రెండింటిలో నున్నది. నడిమధ్యాహ్నపు వెలుగులో చెక్కడము చదునుగా తోచును. ఎండ ఏటవాలుగా పడినపుడు నీడలు తేరి, స్తంభముపై యాళి లేచి నిలుచును. ఎదుట నిలిచి తీసిన కట్టడపు ముఖ మొక్కటే దక్కును. మూలకు నిలిచి తీసిన రెండు ముఖములును, లోతును దక్కును.

1983లో ఆస్ట్రేలియా ఛాయాచిత్రకారుడు జాన్ గోలింగ్స్ ఆ తావులనే వెదకి, అవే దృశ్యములను మరల తీసెను. రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచిన, నిలిచిన దేదో పోయిన దేదో తెలియును. తావును, కాలమును తెలిసి యుండుటచేతనే ఆ చిత్రములు సాక్ష్యము చెప్పగలుగుచున్నవి.

మన పెట్టెలలోను పాత చిత్రములు గలవు. అందలి ముఖములను, ఇండ్లను గుర్తుపట్టగల పెద్దలుండగనే, పేరు, ఊరు, సంవత్సరము చిత్రము వెనుక తెలుగున వ్రాసి యుంచుదము.