గాలి తగ్గితే కబురంపే చక్రం

ఎండాకాలం వస్తే టైర్లలో గాలి కాస్త తగ్గించి కొట్టించుకోవాలన్న సలహా అనంతపురం దారుల్లో వినిపిస్తూనే ఉంటుంది. ఎండకు గాలి ఉబ్బి టైరు పేలుతుందని భయం. జరిగేది దాదాపు తలకిందులు. గాలి తక్కువైన టైరు పక్కలు చక్రం తిరిగిన ప్రతిసారీ నలుగుతాయి. ఆ నలుగుడుకు రబ్బరు లోపల వేడి పుడుతుంది. 40 డిగ్రీల ఎండలో కాగిన 44వ నంబరు జాతీయ రహదారి ఆ వేడిని చల్లారనివ్వదు. పైన బరువు, వేగం తోడైతే టైరు పొరలు విడిపోవడం మొదలవుతుంది.

ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టి డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగించే ఏర్పాటు పేరు టీపీఎంఎస్‌. టైరును అడ్డంగా కోసినట్టుండే బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం దాని గుర్తు.

ఇది పుట్టింది మామూలు కార్ల కోసం కాదు. 1986లో పోర్షే కంపెనీ 959 అనే స్పోర్ట్స్‌ కారుకు దీన్ని అమర్చింది. అదే ఏడాది పారిస్‌-డకార్‌ ఎడారి పందెం గెలిచిన కారు అది. గంటకు 315 కిలోమీటర్ల వేగం దాని సత్తా. చక్రాల ఊచలు లోపల బోలుగా ఉండి, టైరులోని గాలి వాటిలోకీ పాకేది. గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు కావడంతో స్టెప్నీ పెట్టలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. మామూలు టైరులో గాలి దిగితే స్టీరింగు పక్కకు లాగి డ్రైవరు చేతికి తెలిసిపోతుంది. గట్టి పక్కలున్న ఈ టైరు అలా తెలియనివ్వదు. మనిషి చేతికి అందని సంగతిని సెన్సారు చెప్పాల్సి వచ్చింది. 1997లో షెవర్లే కార్వెట్‌ కూడా అలాంటి టైర్లతో, అదే కారణంతో సెన్సార్లు తెచ్చుకుంది. 1999లో పెజో 607, మరుసటి ఏడాది రెనో లగూనా వీటిని కుటుంబ కార్లలోకి దించాయి.

దాన్ని చట్టంగా మార్చింది మాత్రం ఎండే. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్‌ కంపెనీ అమెరికాలో 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించింది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్‌ ఎక్స్‌ప్లోరర్‌ బండ్లకు వేసినవే. టైరు పైపొర ఊడిపోయి బండ్లు బోర్లాపడిన ప్రమాదాలు టెక్సస్‌, ఫ్లోరిడా వంటి వేడి రాష్ట్రాల్లోనే ఎక్కువ. ఆ టైర్లకు ఫోర్డ్‌ సూచించిన గాలి 26 పీఎస్‌ఐ మాత్రమేనన్నది పెద్ద వివాదమైంది. 2000 నవంబరు 1న, టైరులో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు ఉండాలన్న ట్రెడ్‌ చట్టం వచ్చింది. దాని ప్రకారం 2007 సెప్టెంబరు నుంచి అక్కడ అమ్మకానికి తయారయ్యే ప్రతి తేలికపాటి వాహనానికీ ఈ దీపం తప్పనిసరి అయింది. కంపెనీ చెప్పిన గాలిలో నాలుగోవంతు తగ్గేసరికి అది వెలగాలి. ఐరోపా 2014 నవంబరు నాటికి కొత్త కార్లన్నిటికీ దీన్ని తప్పనిసరి చేసింది. భారతదేశం 2020లో మరో దారి పట్టింది. టీపీఎంఎస్‌, పంచరు కిట్టు ఉన్న ట్యూబ్‌లెస్‌ కార్లకు స్టెప్నీ అక్కర్లేదంది.

ఈ కథ అనంతపురం పీఠభూమికి పెనుకొండ మీదుగా వచ్చింది. ఎర్రమంచి దగ్గర కియా కర్మాగారం 2019లో కార్లు తీయడం మొదలుపెట్టినప్పుడు అది అనంతపురం జిల్లానే. 2022 ఏప్రిల్‌ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. అదే ఏడాది ఫిబ్రవరిలో ఇక్కడి నుంచి వచ్చిన కొత్త కారు కారెన్స్‌లో అన్ని రకాలకూ టీపీఎంఎస్‌ ఇచ్చారు. ఏ చక్రంలో ఎంత గాలి ఉందో అది అంకెల్లో చూపిస్తుంది.

టైరు లోపల ఉండే సెన్సారు అగ్గిపెట్టెలో పట్టేంత పెట్టె. వాల్వుకు అడుగున, డిస్కును ఆనుకుని ఉంటుంది. గాలి ఒత్తిడి, వేడి కొలిచి, తన నంబరుతో కలిపి రేడియో తరంగాల్లో పంపుతుంది. చక్రం ఆగితే నిద్రపోతుంది, తిరిగితే లేస్తుంది. దాని లిథియం బ్యాటరీని జిగురు పదార్థంలో పోతపోసి మూసేస్తారు కాబట్టి విడిగా మార్చే వీలుండదు. ఆయుష్షు 5 నుంచి 10 ఏళ్లు. పాత స్పోర్ట్స్‌ కార్ల యజమానులను వేధించేది ఇదే.

దీపం వెలిగినప్పుడు ముందు చూడాల్సింది వెలిగే తీరు. స్టార్టు చేయగానే నిమిషం, నిమిషంన్నర మిణుకుమిణుకుమని తర్వాత నిలకడగా ఉండిపోతే చాలా కార్లలో తప్పు సెన్సారుది. మొదటి నుంచీ నిలకడగా వెలిగితే గాలి తగ్గినట్టు. ప్రతి 10 డిగ్రీలకు ఒత్తిడి దాదాపు 1.5 పీఎస్‌ఐ మారుతుంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో 32 కొట్టించిన టైరు, జనవరి తెల్లవారుజామున 17 డిగ్రీల చలికి 28.5కు దిగుతుంది. ఆపైన నెలనెలా ఊరే గాలి కలిస్తే 24కు జారి దీపం వెలుగుతుంది. అందుకే బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గేజి పెట్టి చూడాలి. బెంగళూరు నుంచి వచ్చి ఆగిన కారులో 37 కనబడిందని గాలి తీయిస్తే మర్నాటికి అది తక్కువే.

గాలి సరిగ్గా ఉన్నా దీపం ఆరకపోతే టైరు షాపువాళ్లు చేతి పరికరాన్ని వాల్వు దగ్గర పెట్టి 125 కిలోహెర్ట్‌జ్‌ సంకేతం పంపుతారు. ప్రాణమున్న సెన్సారు బదులిస్తుంది. అమెరికా నుంచి తెచ్చిన పాత కార్ల సెన్సార్ల తరంగం సాధారణంగా 315 మెగాహెర్ట్‌జ్‌, ఐరోపా కార్లది 433. ఒకదాని సెన్సారు మరోదానికి బిగిస్తే మాట కలవదు. కొత్తది వేశాక దాని నంబరు కారుకు నమోదు చేయాలి. కొన్ని కార్లలో అసలు సెన్సారే ఉండదు. ఏబీఎస్‌ బ్రేకుల వ్యవస్థ కొలిచే చక్రాల వేగాన్ని బట్టి ఏ చక్రం ఎక్కువసార్లు తిరుగుతోందో చూసి గాలి తగ్గిందని పట్టేస్తాయి. వాటిలో గాలి కొట్టించాక రీసెట్‌ మీట నొక్కాలి.

సెన్సారు చెడేది వయసుతోనే కాదు. డిస్కు నుంచి టైరు విడదీసే యంత్రం పలకను వాల్వు పక్కన దించితే పెట్టె విరుగుతుంది, వాల్వుకు ఎదురువైపు దించాలి. అల్యూమినియం వాల్వులో నికెల్‌ పూత పిన్ను బదులు మామూలు ఇత్తడి పిన్ను వేస్తే తుప్పుపట్టి ఇరుక్కుంటుంది. పంచరు కోసం లోపలికి కొట్టే ద్రవం సెన్సారు కన్నాన్ని మూసేస్తుంది.

పెనుకొండ తొలి కారెన్స్‌ల సెన్సార్లకు 2027 నాటికి అయిదేళ్లు నిండుతాయి. నాలుగింటిదీ ఒకే వయసు కాబట్టి ఒకటి పోతే మిగతావీ వరుస కడతాయి. టైర్లు మార్పించే రోజునే నాలుగూ వేయించుకుంటే విప్పి బిగించే కూలి ఒకసారితో పోతుంది.