ఏపీఐ పరీక్షకు ఏ సాధనం? ఎంపికలో చూడవలసిన సంగతులు

ఒక సాఫ్ట్‌వేర్ మరొక సాఫ్ట్‌వేర్‌ను సమాచారం కోరి, జవాబు పుచ్చుకొనే పద్ధతికి ఏపీఐ అని పేరు. రైలు టికెట్టు స్థితి, కరెంటు బిల్లు, బ్యాంకు ఖాతాలోని నిల్వ, మార్కెట్ యార్డులో టమాటా ధర ఫోనులో కనిపించే ముందు తెర వెనుక ఇటువంటి ప్రశ్నోత్తరం జరుగుతుంది. ఆ ప్రశ్నలను చేతితో పంపి, జవాబు సరిగా వచ్చినదీ లేనిదీ చూచే ఉపకరణాలే ఏపీఐ పరీక్షా సాధనాలు. హోసూరు, కోలారు, బళ్లారి, రాయగడ వైపు తెలుగు ఇండ్ల నుండి కంప్యూటర్ చదువులకు వెళ్లిన పిల్లలకు కళాశాల ప్రాజెక్టులోనో, తొలి ఉద్యోగంలోనో వీటితో పని పడుతుంది. పక్కనున్నవారు ఏది వాడుతున్నారో దానినే వాడటం ఎక్కువగా జరిగే పని. అందులో తప్పు లేదు గాని, తెలిసి ఎంచుకొనడం మేలు.

ఈ సాధనాలన్నీ చేసే పని ఇంచుమించు ఒకటే. అసలు తేడా మనం చేసిన పని ఎక్కడ దాచబడుతున్నదన్న విషయంలో ఉన్నది.

పరీక్ష అంటే ఏమిటి?

భారత ప్రభుత్వం 2012లో ప్రారంభించిన బహిరంగ డేటా వేదికలో వ్యవసాయ మార్కెట్ల దినసరి ధరలు ఏపీఐ ద్వారా లభిస్తాయి. నమోదు చేసుకొన్నవారికి ఒక కీ, అనగా రహస్య అక్షరమాల, ఇస్తారు. దానిని ప్రశ్నతో జతచేసి పంపితే రాష్ట్రం, జిల్లా, మార్కెట్, సరుకు, రకం, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర మొదలైనవి వరుసలుగా వస్తాయి. కోలారు టమాటా ధరను మదనపల్లె ధరతో పోల్చి చూపే చిన్న అప్లికేషన్ రాయాలని ఒక విద్యార్థి తలపెట్టినాడనుకొందాము. కోడు రాయక మునుపే పరీక్షా సాధనంతో ఆ ప్రశ్నను పంపి చూడవలెను.

జవాబుతోపాటు ఒక స్థితి సంఖ్య వస్తుంది. 200 అంటే సక్రమం, 401 అంటే గుర్తింపు చెల్లలేదు, 404 అంటే అడిగిన చోటు లేదు, 429 అంటే మితిమీరి అడిగినారు, 500 అంటే అవతలి సర్వర్‌లోనే లోపం. కొత్తవారు 200 కనిపించగానే పని అయినదని తలుస్తారు. ఇక్కడే జాగ్రత్త కావాలి. 2014 నవంబరులో కర్ణాటక ప్రభుత్వం పన్నెండు నగరాల పేర్లు మార్చినప్పుడు బెల్లారీ అన్న ఇంగ్లీషు రూపం బళ్లారిగా మారినది. పాత వర్ణక్రమం ఉన్న పట్టికను కొత్త పేరుతో అడిగితే స్థితి 200 అనే వస్తుంది. వరుసలు మాత్రం సున్నా. తప్పు జరిగినదని ఎవరూ చెప్పరు. మన ఊళ్లకు రెండేసి, మూడేసి పేర్లున్న సంగతి మనకు తెలిసినదే కదా!

ధర విషయమూ అంతే. ప్రభుత్వ పట్టికలో ధర క్వింటాలుకు ఉంటుంది. కోలారు యార్డులో వేలం 15 కిలోల పెట్టెకు సాగుతుంది. క్వింటాలు 2,000 రూపాయలైతే పెట్టె 300 కావాలి. ఇటువంటి లెక్కను పరీక్షగా రాసి పెట్టుకొనే వీలు మంచి సాధనంలో ఉంటుంది. ప్రతిసారీ కంటితో చూడనక్కరలేదు.

సాధనాలు

అన్నింటికంటె పాతది కర్ల్. స్వీడన్ దేశీయుడు డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో ఈ పేరుతో విడుదల చేసినాడు. బొమ్మలు, మీటలు లేవు. నల్లని తెరపై ఆదేశం టైపు చేయడమే. ఉచితం, ఖాతా అక్కరలేదు, చిన్న యంత్రంలోనూ నడుస్తుంది. విండోస్ 10లో 2018 నుండి ముందే అమర్చి వస్తున్నది. ముందుగా దీనినే నేర్చుకొనవలెనని నా అభిప్రాయం. ప్రశ్నలో ఏ భాగం ఏ పని చేస్తున్నదో దీనితో తెలిసినంతగా మీటలు నొక్కితే తెలియదు. బ్రౌజర్‌లో జరిగిన ఏ ప్రశ్ననైనా కర్ల్ ఆదేశంగా నకలు తీయవచ్చును. మిగిలిన సాధనాలు ఆ ఆదేశాన్ని చదివి తమ రూపంలోకి మార్చుకొంటాయి. అందుచేత ఇది అన్నింటికీ ఉమ్మడి భాష వంటిది.

అందరికీ తెలిసిన పేరు పోస్ట్‌మ్యాన్. బెంగళూరులో అభినవ్ ఆస్థానా 2012లో క్రోమ్ బ్రౌజర్‌కు అనుబంధంగా దీనిని తయారుచేసినాడు. 2014లో అంకిత్ సోబ్తీ, అభిజిత్ కానే తోడై సంస్థగా ఏర్పడినది. ప్రశ్నలను కలెక్షన్లుగా కూర్చడం, జవాబును తనిఖీ చేసే స్క్రిప్టులు, సర్వర్ సిద్ధం కాకమునుపే నకిలీ జవాబులు ఇప్పించడం, బృందంతో పంచుకొనడం, అన్నీ ఉన్నాయి. ఉద్యోగ ప్రకటనలలో దీని పేరు తరచు కనిపిస్తుంది కనుక నేర్చుకొనడం వృథా కాదు. అయితే పాత లాప్‌టాప్‌పై బరువుగా నడుస్తుంది. ఉచిత పథకం హద్దులు మారుతుంటాయి. మొదలుపెట్టేనాటి షరతులు చూసుకొనవలెను.

ఇన్‌సోమ్నియా దానికంటె సరళమైనది. 2019లో కాంగ్ అనే సంస్థ కొనుక్కొన్నది. హాప్‌స్కాచ్‌ను కేరళకు చెందిన లియాస్ థామస్ 2019లో మొదలుపెట్టినాడు. అప్పటి పేరు పోస్ట్‌వుమన్. ఇది బ్రౌజర్‌లోనే తెరచుకొంటుంది, కళాశాల ల్యాబ్ యంత్రాలకు అనుకూలం. కాని బ్రౌజర్ భద్రతా నియమాలు కొన్ని ప్రశ్నలను అడ్డుకొంటాయి. అప్పుడు మధ్యవర్తి సర్వర్ గుండా పంపే వీలున్నది. రహస్య కీలు ఉన్న ప్రశ్నలను ఆ దారిన పంపకుండుటే మంచిది. బ్రూనో ఇటీవలిది. ప్రశ్నలన్నిటినీ మన కంప్యూటర్‌లోని ఫోల్డర్‌లో మామూలు పాఠ్య ఫైళ్లుగా ఉంచుతుంది.

పాత బ్యాంకింగ్, ప్రభుత్వ వ్యవస్థలలో సోప్ పద్ధతి నేటికీ ఎదురుపడుతుంది. దానికి 2005లో వచ్చిన సోప్‌యూఐ తగినది. వేలమంది ఒకేసారి వస్తే సర్వర్ తట్టుకొంటుందా అని చూడటానికి జేమీటర్ ఉన్నది. దానిని సొంత సర్వర్‌పై తప్ప ఎవరి సర్వర్‌పైనా ప్రయోగించరాదు.

2023లో జరిగినది

ఆ సంవత్సరం మే నెలలో పోస్ట్‌మ్యాన్ సంస్థ, ఖాతా లేకుండా పనిచేసుకొనే స్క్రాచ్ ప్యాడ్ సదుపాయాన్ని తొలగించనున్నట్లు ప్రకటించినది. కలెక్షన్లు కావలసినవారు లాగిన్ కావలసినదే. ఆ మార్పు నచ్చనివారు కొందరు ఇన్‌సోమ్నియా వైపు మళ్లినారు. సెప్టెంబరు చివర ఇన్‌సోమ్నియా 8వ వెర్షన్ వచ్చి అదీ ఖాతాను తప్పనిసరి చేసినది. అప్‌డేట్ తరువాత తమ పాత ప్రశ్నలు కనబడక చాలామంది గగ్గోలు పెట్టగా, తదుపరి విడుదలలలో సొంత యంత్రంలోని నిల్వను తిరిగి అనుమతించినది. బ్రూనోకు ప్రాచుర్యం వచ్చినది ఆ నెలలలోనే.

సంస్థలను నిందించి ప్రయోజనం లేదు. ఉచితంగా ఇచ్చేవారికి ఖర్చులున్నాయి. కాని సెలవులకు ఊరికి వచ్చినప్పుడు సిగ్నల్ మేడపైకి ఎక్కితేగాని అందని ఇండ్లు సరిహద్దు పల్లెల్లో ఉన్నాయి. లాగిన్ పేజీ తెరచుకొనకపోతే పని ఆగిపోయే సాధనం అక్కడ అక్కరకు రాదు. ఒంటరిగా నేర్చుకొంటున్నవారికి కర్ల్, దానితోపాటు బ్రూనో చాలు. బృందంలో చేరినవారికి ఎంపిక ఉండదు, అక్కడ ఉన్నదే వాడవలెను.

ఇంకొక ప్రమాదం కీలది. కలెక్షన్‌ను స్నేహితునికి పంపినా, బహిరంగ వర్క్‌స్పేస్‌లో ఉంచినా అందులో రాసిన కీ కూడా వెళ్లిపోతుంది. డబ్బు చెల్లించి వాడే ఏపీఐ అయితే ఇతరులు వాడుకొన్న ఖర్చు కీ యజమాని పేరనే పడుతుంది. కీని ప్రశ్నలో నేరుగా రాయక వేరుగా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంచి, ఆ ఫైలును పంచుకొనకుండుట కనీస జాగ్రత్త. బయటపడిన కీని వెంటనే రద్దుచేసి కొత్తది తీసుకొనవలెను.

తెలుగు అక్షరాలు

మన పేర్లతో పరీక్షించడం చాలామంది మరచే పని. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. కన్నడానికి, తమిళానికీ, ఒడియాకూ అంతే. గుణింతాలు, పొల్లు కూడా విడివిడి సంకేతాలే. వెంకటసుబ్బమ్మ అన్న పేరులో 13 సంకేతాలు, 39 బైట్లు. పేరుకు 30 బైట్లే కేటాయించిన డేటాబేస్‌లో ఆ అమ్మ పేరు నడుమ తెగుతుంది, లేదా నమోదే కాదు. రాము, సీత వంటి చిన్న పేర్లతో పరీక్షించినవారికి ఈ లోపం కనబడదు. జవాబులో అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలు వస్తే ఎన్‌కోడింగ్ చెడినట్లు. వాలుగీత వెంట అంకెలు వస్తే మాత్రం కంగారు పడనక్కరలేదు, అది జేసన్‌లో అనుమతించిన రూపమే. విండోస్‌లో ఆదేశపు వరుసలో తెలుగు టైపు చేస్తే కొన్నిసార్లు అక్షరాలు చెడతాయి. పాఠాన్ని యూటీఎఫ్-8 ఫైలులో భద్రపరచి, ఆ ఫైలునే పంపమని కర్ల్‌కు చెప్పడం నమ్మకమైన మార్గం.

ఒక సాధనం నుండి మరొకదానికి మారేటప్పుడు ప్రశ్నలు ఎక్స్‌పోర్ట్ ద్వారా సులువుగానే వెళతాయి. తనిఖీ స్క్రిప్టులు అన్నీ యథాతథంగా నడవవు, రహస్య వేరియబుల్స్ ఖాళీగా రావచ్చును. పాతదానిని తొలగించక మునుపే కొత్తదానిలో ఒక్కొక్క ప్రశ్ననూ పంపి చూచుకొనవలెను.