మాగ్నీటో

మాగ్నీటో అమెరికాకు చెందిన మార్వెల్ కామిక్స్ సంస్థ ఎక్స్-మెన్ కథల్లోని ప్రధాన ప్రతినాయకుడు. లోహాలనూ అయస్కాంత క్షేత్రాలనూ తలపుతోనే శాసించగల మ్యూటెంట్. రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు జాక్ కర్బీ సృష్టించిన ఈ పాత్ర 1963 సెప్టెంబరు సంచికగా వెలువడిన ‘ది ఎక్స్-మెన్’ మొదటి పుస్తకంలోనే ప్రవేశించింది. ఆ కథాలోకంలో మ్యూటెంట్లంటే జన్యువుల్లో మార్పు వల్ల పుట్టుకతోనే ఏదో ఒక అసాధారణ శక్తి ఉన్నవాళ్లు. మామూలు జనం వాళ్లను చూసి భయపడతారు, అసహ్యించుకుంటారు, చట్టాలు చేసి కట్టడి చేయాలని చూస్తారు. ఈ భయం ఎక్కడికి దారితీస్తుందో తాను చిన్నప్పుడే కళ్లారా చూశానంటాడు మాగ్నీటో. మనుషుల కంటే ముందు తామే దెబ్బ కొట్టాలన్నది అతని వాదం. అతని పాత స్నేహితుడు, ఎక్స్-మెన్ గురువు ప్రొఫెసర్ ఛార్లెస్ జేవియర్ మాత్రం రెండు జాతులూ కలిసి బతకగలవని నమ్ముతాడు. అరవై ఏళ్లకు పైగా ఎక్స్-మెన్ కథలు నడుస్తున్నది ఈ ఇద్దరి వాదన మీదే.

తొలి రూపం

మొదటి సంచికలో మాగ్నీటోకు గతం లేదు. ఎర్రటి శిరస్త్రాణం, భుజాల మీద వస్త్రం, కోపం, అహంకారం, అంతే. ఫ్లోరిడాలోని కేప్ సిటాడెల్ అనే కల్పిత సైనిక స్థావరాన్ని ఆక్రమిస్తాడు. దుమ్ము కణాలను కూడగట్టి ఆకాశంలో అక్షరాలుగా పేర్చి, లొంగిపొమ్మని హెచ్చరిక రాస్తాడు. 1964లో వచ్చిన నాలుగో సంచికలో టోడ్, మాస్టర్‌మైండ్, క్విక్‌సిల్వర్, స్కార్లెట్ విచ్‌లతో ఒక ముఠా కడతాడు. ఆ ముఠా పేరులోనే ‘ఈవిల్’ అన్న మాట ఉంది. ఎవరూ తమను తాము దుష్టులమని పిలుచుకోరు కాబట్టి, అప్పటికి ఈ పాత్ర ఎంత పలచగా ఉందో ఆ ఒక్క మాట చెబుతుంది.

లీ, కర్బీ ఇద్దరూ యూదు కుటుంబాల్లో పుట్టినవాళ్లు. కర్బీ రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్ రంగంలో సైనికుడిగా పోరాడాడు. అయినా మాగ్నీటోకు యూదు గతం ఇవ్వాలన్న ఆలోచన 1963 నాటి పుటల్లో ఎక్కడా కనిపించదు. జేవియర్‌ను మార్టిన్ లూథర్ కింగ్‌తో, మాగ్నీటోను మాల్కమ్ ఎక్స్‌తో పోల్చడం ఇప్పుడు అందరికీ అలవాటైంది. తొలి కథలు చదివితే ఆ పోలిక తర్వాతివాళ్లు తగిలించినదేనని తెలుస్తుంది. లోకాన్ని ఏలాలన్న యావ తప్ప ఆనాటి మాగ్నీటోకు మరో ఊసు లేదు.

గతం దొరికిన తీరు

ఈ పాత్రకు ప్రాణం పోసింది క్రిస్ క్లేర్‌మాంట్. 1975లో ఎక్స్-మెన్ రచన చేపట్టి, పదహారేళ్లపాటు రాసిన వ్యక్తి. 1981 అక్టోబరు నాటి 150వ సంచిక ఈ పాత్ర చరిత్రలో మలుపు. అందులో మాగ్నీటో ప్రపంచ దేశాలన్నీ ఆయుధాలు వదిలేసి తనకు లొంగాలని గడువు పెడతాడు. సోవియట్ జలాంతర్గామి క్షిపణులు వదిలితే దాన్ని సిబ్బందితో సహా ముంచేస్తాడు. తర్వాత తన స్థావరంలో యంత్రాలను పాడుచేస్తున్న శత్రువును కొట్టి పడేస్తాడు. దగ్గరికెళ్లి చూస్తే ఆమె ఎక్స్-మెన్‌లోని కిటీ ప్రైడ్, ఇంకా పసితనం వీడని పిల్ల. చచ్చిపోయిందేమోనని ఆ పిల్లను చేతుల్లోకి తీసుకుని కూలబడతాడు. తన బాల్యం ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో గడిచిందనీ, తనవాళ్లంతా అక్కడే పోయారనీ పాఠకులకు మొదటిసారి తెలిసేది అప్పుడే. పాత్ర పుట్టిన పద్దెనిమిదేళ్లకు దానికి కారణం దొరికింది. అంతకుముందు చేసిన ప్రతి దౌర్జన్యాన్నీ వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోవాల్సి వచ్చింది.

మరుసటి ఏడాది 161వ సంచికలో ఇజ్రాయెల్‌లోని హైఫా కథ వచ్చింది. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డవాళ్లకు చికిత్స చేసే ఆసుపత్రిలో ఇద్దరు యువకులు కలుస్తారు, రాత్రులు కూర్చుని మ్యూటెంట్ల భవిష్యత్తు గురించి వాదించుకుంటారు. వాళ్లే జేవియర్, మాగ్నస్ అనే పేరుతో ఉన్న మాగ్నీటో. 1987 నాటి మరో కథలో శిబిరం తర్వాతి బతుకు కనిపిస్తుంది. భార్య మాగ్దా, కూతురు ఆన్యాలతో అతను యుక్రెయిన్‌లోని విన్నిట్సియాకు చేరతాడు. ఇల్లు అంటుకుంటుంది. కూతుర్ని కాపాడబోతే జనం అతన్ని అడ్డుకుంటారు. బిడ్డ కాలిపోతుంది. అతని శక్తి అక్కడ కట్టలు తెంచుకుని ఆ గుంపును చంపేస్తుంది. అది చూసి భయపడి మాగ్దా కూడా వదిలి వెళ్లిపోతుంది.

అసలు పేరు విషయంలో రచయితలు చాలాకాలం తడబడ్డారు. 1990లలో ఎరిక్ లెన్‌షర్ అన్నారు. సినిమాల వల్ల ఆ పేరే జనానికి తెలిసింది. ఒక దశలో అతన్ని యూదుడిగా కాక రోమా జాతివాడిగా చూపి, తర్వాత అది దొంగ పత్రాల మీది పేరని సర్దుకున్నారు. 2008లో మొదలైన ‘మాగ్నీటో: టెస్టమెంట్’ ఈ గందరగోళానికి ముగింపు పలికింది. గ్రెగ్ పాక్ రచన, కార్మినే డి జాందొమెనికో బొమ్మలు. ఇందులో అతను మాక్స్ ఐసెన్‌హార్ట్, నాజీల ఏలుబడిలోని జర్మనీలో పెరిగిన యూదు కుర్రాడు. ఆష్విట్జ్‌లో శవాలను దహనశాలలకు మోసే సోండర్‌కమాండో పనిలో పెడతారు. అతీత శక్తుల ప్రదర్శన దాదాపు లేని కథ ఇది. ఒక్క మాగ్నీటో పుస్తకమే చదవగలిగితే చదవాల్సింది ఇదే.

1930లకు ముందే పుట్టిన మనిషి ఇప్పటికీ ఇంత దృఢంగా ఎలా ఉన్నాడన్న ప్రశ్నకు జవాబు అనుకోకుండా ముందే సిద్ధమైంది. 1974 నాటి ఒక కథలో అతన్ని పసిపాపగా మార్చేశారు. 1977లో మళ్లీ నడివయసు యోధుడిగా పెంచారు. ఆష్విట్జ్ గతం ఆ తర్వాతే వచ్చింది కాబట్టి ఈ పాత మలుపు కలిసొచ్చింది.

శక్తులు

అతని ప్రధాన శక్తి అయస్కాంతత్వం. తుపాకులు విరగ్గొట్టడం, వంతెనలు లేపడం, తూటాలను గాలిలో నిలపడం అందరికీ తెలిసినవే. విద్యుత్తు, అయస్కాంతత్వం ఒకే బలానికి రెండు ముఖాలు కాబట్టి రచయితలు అతని పరిధిని క్రమంగా పెంచారు. తన చుట్టూ రక్షణ క్షేత్రం కట్టుకుంటాడు, భూమి అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుని ఎగురుతాడు, కరెంటుతో నడిచే యంత్రాలన్నిటినీ చంపేసే స్పందనను వదులుతాడు. 1993 నాటి ‘ఫేటల్ అట్రాక్షన్స్’ కథలో ఆ దెబ్బ భూగోళమంతా తగులుతుంది. అదే కథలో ఎక్స్-మెన్ సభ్యుడు వుల్వరిన్ ఎముకలకు పూసిన అడమాంటియం అనే కల్పిత లోహాన్ని అతని ఒంటి రంధ్రాల గుండా బయటికి లాగేస్తాడు. ఆగ్రహించిన జేవియర్ స్నేహితుడి మనసునే తుడిచేస్తాడు. శాంతి కోరే మనిషి చేసిన ఈ పని మాగ్నీటో చేసినదాని కంటే తక్కువ భయంకరమేమీ కాదు.

1960లలో రచయితలు అయస్కాంతానికి సంబంధం లేని శక్తులు కూడా ఇచ్చారు. ఒక కథలో ఆత్మను శరీరం నుంచి వేరుచేసి తిరుగుతాడు. తర్వాతివాళ్లు వాటిని పక్కన పెట్టేశారు, మంచిపనే చేశారు.

భౌతికశాస్త్రం వైపు నుంచి చూస్తే ఈ ఊహకు కొంత ఆధారం ఉంది. ఇనుము, నికెల్, కోబాల్ట్‌లను అయస్కాంతం బలంగా లాగుతుంది. నీరు, చెక్క, మాంసం లాంటివి చాలా స్వల్పంగా వికర్షణ చెందుతాయి. క్షేత్రం తగినంత బలంగా ఉంటే ఆ స్వల్ప వికర్షణే బరువును మోస్తుంది. 1997లో నెదర్లాండ్స్‌లోని నైమెఖెన్‌లో ఆండ్రే గైమ్, సహచరులు సుమారు 16 టెస్లాల క్షేత్రంలో బతికున్న కప్పను గాలిలో తేల్చి చూపారు. మాగ్నీటో గాలిలో తేలడం ఆ లెక్కన పూర్తి అసంభవం కాదు. మనిషి ఒంట్లో ఇనుము మాత్రం సుమారు నాలుగు గ్రాములే. రక్తంలో అది హిమోగ్లోబిన్‌లో బంధించి ఉంటుంది, ఇనుప రజనులా అయస్కాంతానికి లాగబడదు. 2003 నాటి ‘ఎక్స్2’ సినిమా ఈ చిక్కును తెలివిగా దాటింది. ప్లాస్టిక్ జైల్లో ఉన్న మాగ్నీటో కోసం అతని అనుచరురాలు మిస్టిక్ ముందుగానే ఒక కాపలావాడి ఒంట్లోకి ద్రవ ఇనుము ఎక్కిస్తుంది. మరునాడు ఆ కాపలావాడు లోపలికి రాగానే మాగ్నీటో దాన్ని బయటికి లాగి, చిన్న గోళాలుగా చేసి గోడలు బద్దలు కొడతాడు.

స్వభావం

తెలుగు ప్రేక్షకుడికి ఇలాంటి ప్రతినాయకుడు కొత్త కాదు. 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీఆర్ దుర్యోధనుడు తన పక్షాన నిలబడి వాదిస్తుంటే, అతను ఓడాల్సినవాడని తెలిసీ హాలు ఈలలు వేసింది. మాగ్నీటో బలం కూడా అలాంటిదే. అతని భయం నిజమని కథే పదేపదే రుజువు చేస్తుంది. 2001లో గ్రాంట్ మోరిసన్ రాసిన కథలో అతని ఏలుబడిలోని జెనోషా ద్వీపం మీద మ్యూటెంట్లను వేటాడే సెంటినెల్ యంత్రాలు దాడిచేసి 1.6 కోట్ల మంది మ్యూటెంట్లను చంపుతాయి. మనుషులు మ్యూటెంట్లను నిర్మూలిస్తారన్న అతని జోస్యం అక్షరాలా ఫలిస్తుంది.

అయితే అతను చెప్పే మందు జబ్బు లాంటిదే. పుట్టుకను బట్టి మనుషులను ఉన్నతులు, అధములుగా విడగొట్టడాన్నే అతనూ నమ్ముతాడు, ఉన్నతుల పేరు మాత్రం మారుస్తాడు. తనను బాధించినవాళ్ల భాషే తన నోట్లోకి వచ్చిందని అప్పుడప్పుడు గ్రహిస్తాడు. అప్పుడే మంచివైపు వస్తాడు. 1982 నాటి ‘గాడ్ లవ్స్, మ్యాన్ కిల్స్’లో ద్వేషబోధ చేసే మతబోధకుడికి ఎదురుగా ఎక్స్-మెన్‌తో కలుస్తాడు. 1985లో 200వ సంచికలో పారిస్ న్యాయస్థానంలో విచారణకు నిలబడతాడు. పసిపాపగా మారకముందు చేసిన నేరాలు లెక్కలోకి రావని ధర్మాసనం తేలుస్తుంది. ఆ తర్వాత జేవియర్ బడికి తానే పెద్దదిక్కవుతాడు. ఒకప్పుడు ఉగ్రవాదిగా ముద్రపడి చివరికి నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఇజ్రాయెల్ ప్రధాని మెనాహెమ్ బెగిన్ తన మనసులో ఉన్నాడని క్లేర్‌మాంట్ చెప్పాడు. 1991లో క్లేర్‌మాంట్, చిత్రకారుడు జిమ్ లీ కలిసి తెచ్చిన కొత్త ‘ఎక్స్-మెన్’ మొదటి సంచిక మాగ్నీటోను మళ్లీ శత్రువుగా నిలబెట్టింది. అది 80 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడై గిన్నిస్ రికార్డుకెక్కింది. క్లేర్‌మాంట్ కొద్ది నెలలకే ఎక్స్-మెన్ వదిలి వెళ్లిపోయాడు. పదేళ్లు ఓపికగా పెంచిన మార్పు అలా తెగిపోవడం ఈ పాత్రకు పెద్ద నష్టం.

తెర మీద

బ్రయాన్ సింగర్ తీసిన 2000 నాటి ‘ఎక్స్-మెన్’ మొదలయ్యేది 1944 పోలండ్‌లో, వానలో, బురదలో. శిబిరం గేటు దగ్గర తల్లిదండ్రుల నుంచి విడదీసిన కుర్రాడు చెయ్యి చాస్తే ఇనుప గేటు వంగిపోతుంది. సైనికుడు తుపాకీ మడమతో కొడితే పడిపోతాడు. మాటల్లేని ఆ కాసేపట్లో శక్తి, గాయం, లోహం మూడూ ఒక్కటవుతాయి. పెద్దయిన మాగ్నీటోగా ఇయన్ మెకెల్లెన్ నటించాడు. షేక్‌స్పియర్ నాటకాల్లో ఆరితేరిన ఆ నటుడు గొంతు పెంచడు. స్వలింగ సంపర్కుల హక్కుల కోసం పోరాడిన తనకు మ్యూటెంట్ల కథలో ఆ పోరాటం కనిపించిందని చెప్పుకున్నాడు. జేవియర్ పాత్రధారి ప్యాట్రిక్ స్టూవర్ట్‌తో ప్లాస్టిక్ పావులతో చదరంగం ఆడే చివరి దృశ్యం ఆ స్నేహవైరాలకు గుర్తుగా నిలిచిపోయింది. 2006 నాటి ‘ది లాస్ట్ స్టాండ్’లో గోల్డెన్ గేట్ వంతెనను పెకలించి ఆల్కట్రాజ్ దీవికి మళ్లిస్తాడు. ఆ చిత్రంలో గుర్తుండేది అదొక్కటే.

2011లో మాథ్యూ వాన్ తీసిన ‘ఫస్ట్ క్లాస్’ మైఖేల్ ఫాస్‌బెండర్‌ను యువ ఎరిక్‌గా చూపింది. శక్తికీ స్వభావానికీ ఉన్న ముడిని దీనంత బాగా విప్పిన సినిమా మరొకటి లేదు. శక్తితో నాణెం కదిలించలేకపోయాడని నాజీ శిబిరంలో సెబాస్టియన్ షా అనే ప్రతినాయకుడు అతని కళ్లముందే తల్లిని కాల్చేస్తాడు. అప్పటినుంచి ఎరిక్ శక్తి కోపంతోనే పలుకుతుంది. జేవియర్ అతని మనసు అడుగున పడిన ఒక జ్ఞాపకాన్ని వెలికితీస్తాడు, తల్లితో కలిసి దీపాలు వెలిగించిన రాత్రిని. కళ్లు చెమర్చిన ఎరిక్ దూరాన ఉన్న భారీ డిష్ యాంటెన్నాను తిప్పగలుగుతాడు. కోపం ఒక్కటే చాలదని అతనికి తెలిసిన క్షణం అది. తెలిసీ చివర్లో అదే నాణేన్ని షా తలలోంచి నిదానంగా తోస్తాడు. మనసులు చదివే శక్తిని అడ్డుకునే ఆ శిరస్త్రాణం అసలు షాదే. తల్లిని చంపినవాడి టోపీ పెట్టుకుని బయటికొచ్చి, అతని మాటలనే తన మాటలుగా చెబుతాడు. పక్కకు మళ్లించిన తూటా జేవియర్ వెన్నెముకలో దిగుతుంది.

2014 నాటి ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’లో ఇద్దరు నటులూ ఉన్నారు. 1973లో లోహం లేకుండా తయారైన సెంటినెళ్లలోకి రైలు పట్టాల ఉక్కును దూర్చి వాటిని తన బంట్లుగా మార్చుకోవడం ఎరిక్ తెలివికి మచ్చుతునక. 2016 నాటి ‘అపోకలిప్స్’లో పోలండ్‌లో కార్మికుడిగా దాక్కున్న అతని భార్యాబిడ్డలు ఒకే బాణానికి బలవుతారు. అక్కడిదాకా ఫాస్‌బెండర్ నటన గుండెను పిండుతుంది. తర్వాత ఆష్విట్జ్‌ను శక్తి ప్రదర్శనకు వేదికగా వాడుకుని కూల్చేసే దృశ్యం తప్పు నిర్ణయం. లక్షల మంది చనిపోయిన చోటు గ్రాఫిక్స్‌కు సరుకు కాదు. 2019 నాటి ‘డార్క్ ఫీనిక్స్’లో అతనికి పెద్దగా పనిలేదు.

బొమ్మల చిత్రాల్లో 1992–97 టీవీ ధారావాహికలో డేవిడ్ హెంబ్లెన్ గొంతు చాలామందికి మొదటి మాగ్నీటో. 2024లో దాని కొనసాగింపుగా వచ్చిన ‘ఎక్స్-మెన్ 97’లో మాథ్యూ వాటర్సన్ గొంతిచ్చాడు. జేవియర్ వీలునామా ప్రకారం బడి మాగ్నీటో చేతికి వస్తుంది. అతను మాట నిలబెట్టుకోవాలని నిజంగా ప్రయత్నిస్తాడు. అయిదో భాగంలో జెనోషా కూలుతుంది. ఆపైన అతను భూమంతా కరెంటు ఆపేస్తే, ప్రేక్షకుడు అతన్ని గట్టిగా తప్పుపట్టలేని స్థితిలో ఉంటాడు. వుల్వరిన్ ఒంటి నుంచి లోహం లాగే 1993 నాటి దృశ్యం కూడా ఇందులో తెరకెక్కింది.

2025 మార్చిలో ‘అవెంజర్స్: డూమ్స్‌డే’ తారాగణాన్ని ప్రకటించినప్పుడు ఇయన్ మెకెల్లెన్ పేరు అందులో ఉంది. అప్పటికి ఆయన వయసు 85.