పాత పాటే అసలు పాటా?
(పాట వెనక పని – 9వ భాగం)



గత భాగం చివర్లో ఈసారి హెవీ మెటల్ గురించి రాస్తానని చెప్పాను. చెప్పగానే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మనకి డప్పు ఉంది, ధూంధాం ఉంది. ఆ తెల్లోళ్ళ గోల మనకెందుకు?" మంచి ప్రశ్నే. నేనూ హాస్టల్లో ఉన్నప్పుడు ఇదే అనుకున్నాను. పక్క గది సీనియర్ దగ్గర ఎంపీ3 సీడీ ఒకటి ఉండేది. అందులో బ్లాక్ సబ్బాత్ పాటలు మోగుతుంటే తలుపు వేసుకునేవాణ్ణి. ఆ పాటలు వాయించినవాళ్ళ చరిత్ర చదివాక తలుపు తీశాను.

విషయం 2025 జూలై 5 నుంచి మొదలుపెడతాను. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరం, విల్లా పార్క్ స్టేడియం. బ్లాక్ సబ్బాత్ చివరి కచేరీ. పాటగాడు ఓజీ ఆస్బోర్న్‌కి పార్కిన్సన్స్ జబ్బు. నిలబడలేడు. సింహాసనం లాంటి కుర్చీలో కూర్చొని పాడాడు. గిటార్ మీద టోనీ ఐయోమీ, బాస్ మీద గీజర్ బట్లర్, డ్రమ్స్ మీద బిల్ వార్డ్. మొదలుపెట్టిన నలుగురూ 20 ఏళ్ళ తరువాత ఒకే వేదిక మీద కలిశారు. నాలుగు పాటలు వాయించారు. ఆ కచేరీ జరిగిన 17 రోజులకు ఓజీ చనిపోయాడు.

ఆ నాలుగు పాటలూ 1970లో వచ్చినవే. ఈ బ్యాండ్ 1970 నుంచి 2013 దాకా 19 స్టూడియో ఆల్బమ్‌లు చేసింది. చివరి వీడ్కోలుకు మాత్రం ఒక్క ఏడాది పాటలే మిగిలాయి. ఉన్న కొద్ది సమయంలో జనం కోరేవే వాయించడం సహజం, తప్పు పట్టను. కానీ 55 ఏళ్ళుగా అభిమానులు ఈ బ్యాండ్‌కి ఒకే మాట చెబుతూ వచ్చారు: "మీ పాత పాటే అసలు పాట. కొత్తది ఏదైనా కల్తీ."

ఈ "అసలు", "కల్తీ" అనే మాటలు వినగానే మన చెవులు నిక్కబొడుచుకోవాలి. ఎందుకంటే ఆ మాటల చరిత్ర మనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

*1. ఆ "అసలు" ఎలా తయారైంది?*

నలుగురూ బర్మింగ్‌హామ్‌లో ఆస్టన్ ప్రాంతపు కార్మికుల పిల్లలు. ఓజీ కబేళాలో పనిచేశాడు. కార్ల హారన్లు శ్రుతి చేసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. దొంగతనం కేసులో ఆరు వారాలు జైల్లో ఉన్నాడు.

ఐయోమీ రేకుల ఫ్యాక్టరీలో కార్మికుడు. 17 ఏళ్ళ వయసులో ఆ పని మానేసి సంగీతంలోకి పోదామనుకున్నాడు. అది పనిలో చివరి రోజు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చి ఇక తిరిగి పోననుకుంటే, ఒప్పుకున్న పని పూర్తి చేసి రమ్మని తల్లి పంపింది. ఆ రోజు ప్రెస్ మిషన్ నడిపే మనిషి రాలేదు. ఎప్పుడూ ఆ మిషన్ ముట్టని ఈ పిల్లగాణ్ణి దాని ముందు నిలబెట్టారు. కుడి చేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం గిటారిస్టు. అంటే తీగలు నొక్కాల్సిన వేళ్ళే పోయాయి.

అప్పుడు ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. జాంగో రైన్‌హార్ట్ వాయించిన గిటార్ అది. జాంగో రోమా జాతి మనిషి. యూరప్‌లో శతాబ్దాలుగా ఊరి బయట బతికిన, వెలివేయబడిన జనం రోమాలు. వాళ్ళ మూలాలు మన ఉపఖండంలోనే ఉన్నాయని వాళ్ళ భాష చెబుతుంది. జాంగోకి 1928లో బండికి నిప్పంటుకొని చేయి కాలి, రెండు వేళ్ళు పనికిరాకుండా పోయాయి. మిగిలిన వేళ్ళతోనే ఆ సంగీతం చేశాడని తెలిశాక ఐయోమీ మళ్ళీ గిటార్ పట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేలికొసలకు తొడుగులు చేసుకున్నాడు. వాటికి తోలు అంటించుకున్నాడు. మామూలు తీగలు నొక్కితే నొప్పి, అందుకే పల్చటి తీగలు వేశాడు. తరువాత తీగల బిగువు తగ్గించి శ్రుతి దించాడు. హెవీ మెటల్‌లోని ఆ బరువైన మోతలో ఇదీ ఒక పాలు.

ఇంకొక సంగతి. 1968లో వీళ్ళు మొదలైంది బ్లూస్ బ్యాండ్‌గా. బ్లూస్ అంటే అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి జనం పాట. అంటే ఈరోజు "స్వచ్ఛమైన మెటల్" అంటున్నదాంట్లో నల్లవాళ్ళ బ్లూస్ ఉంది, రోమా మనిషి ఇచ్చిన ధైర్యం ఉంది, తెగిన కార్మికుడి వేళ్ళున్నాయి. పుట్టుకలోనే కలగలుపు. స్వచ్ఛత ఎక్కడుంది?

మొదటి ఆల్బమ్ ఒక్క రోజులో రికార్డు చేశారు. 1970 ఫిబ్రవరిలో వచ్చింది. పేరున్న విమర్శకులు చాలామంది తీసిపారేశారు. మొరటు అన్నారు. కొని నిలబెట్టింది కుర్రకారు. అభిమానులకు నేను మొదట దండం పెట్టేది అందుకే. వాళ్ళు లేకపోతే ఈ పాట లేదు.

*2. మారితే తప్పు*

ఆ అభిమానులే తరువాత కాపలాదారులయ్యారు.

1976లో 'టెక్నికల్ ఎక్‌స్టసీ'. డ్రమ్మర్ బిల్ వార్డ్ ఒక మెత్తని పాట పాడాడు. ఇది సబ్బాత్ కాదన్నారు. 1978లో 'నెవర్ సే డై'. ఒక ముక్కలో శాక్సఫోన్లు వినిపించాయి. ఇదీ కాదన్నారు. 1979లో ఓజీని తీసేసి రానీ జేమ్స్ డియోని తెచ్చారు. 1980లో 'హెవెన్ అండ్ హెల్' వచ్చింది. అది గొప్ప ఆల్బమ్ అని ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. అయినా ఓజీ లేని సబ్బాత్ సబ్బాతేనా అనే తగాదా 45 ఏళ్ళుగా తెగలేదు.

డియోతో కలిసి ఐయోమీ, బట్లర్ 2009లో 'ది డెవిల్ యూ నో' చేశారు. ఈసారి బ్యాండ్ పేరు బ్లాక్ సబ్బాత్ అని పెట్టలేదు, 'హెవెన్ అండ్ హెల్' అని పెట్టుకున్నారు. అభిమానుల్లో చాలామంది ఆ రికార్డుని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. వాయించిన చేతులు అవే. పేరు మారగానే పాత పాటతో పోలిక తగ్గింది, చెవి తెరుచుకుంది. పేరు చూసి వినడం అంటే ఏమిటో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంటిపేరు చూసి కవిత్వం కొలిచినవాళ్ళ మధ్యే పెరిగాం.

*3. 'ఫర్బిడెన్' కథ*

1995లో 'ఫర్బిడెన్' వచ్చింది. పాటగాడు టోనీ మార్టిన్. నిర్మాత ఎర్నీ సి. లాస్ ఏంజెలెస్ నల్లజాతి మెటల్ బ్యాండ్ బాడీ కౌంట్‌లో గిటారిస్టు అతను. అదే బ్యాండ్ పాటగాడు, రాపర్ ఐస్-టి మొదటి పాటలో కొద్ది సేపు వినిపిస్తాడు. 1992లో పోలీసుల హింస మీద పాట పాడి అమెరికా అంతటా దుమారం లేపినవాళ్ళు వీళ్ళే.

సబ్బాత్ ఆల్బమ్‌లన్నిట్లో అధమం ఏది అని అడిగితే అభిమానులు ఎక్కువగా చూపించేది ఈ రికార్డునే. కారణం అడిగితే చాలామంది నోట మొదట వచ్చేది: "మెటల్‌లో రాప్ కలిపారు." పది పాటల్లో ఒక్క పాటలో, అదీ కాసేపు.

ఇక్కడ నేను న్యాయంగా మాట్లాడాలి. ఆ రికార్డు తిట్టినవాళ్ళందరూ జాత్యహంకారులని నేను అనను. ఆ ధ్వని నిజంగానే పేలవంగా ఉంది. గిటార్‌కి బలం లేదు. అది ఐయోమీకే నచ్చలేదు. ధ్వని బాగాలేదు అన్నది విమర్శ. దానికి జవాబు ఉంటుంది, సరిచేయవచ్చు. "వాళ్ళని ఎందుకు లోపలికి రానిచ్చారు" అన్నది విమర్శ కాదు. అది గడప దగ్గర కాపలా. బ్లూస్‌తో మొదలైన ఇంట్లోకి నల్ల మనిషి వస్తే ఇల్లు మైలపడిందనడం ఎంత విచిత్రం! ఇల్లు కట్టిందే వాళ్ళ ఇటుకలతో కదా.

2024 మే నెలలో టోనీ మార్టిన్ కాలపు నాలుగు ఆల్బమ్‌లు ఒక పెట్టెగా మళ్ళీ వచ్చాయి. చాలా ఏళ్ళుగా దుకాణాల్లో దొరకని రికార్డులవి. 'ఫర్బిడెన్'ని ఐయోమీ స్వయంగా మళ్ళీ మిక్స్ చేశాడు. పాటలు అవే, ఐస్-టి గొంతు అదే. ఈసారి విని "ఇంత కాలం అనవసరంగా తిట్టాం" అన్న అభిమానులు చాలామంది. రోగం ధ్వనిలో ఉంటే నింద రాప్ మోసింది. 29 ఏళ్ళు మోసింది.

*4. మారకపోయినా తప్పే*

2013లో '13' వచ్చింది. ఓజీ తిరిగి వచ్చాడు. ఐయోమీ అప్పటికే కేన్సర్ చికిత్సలో ఉన్నాడు. నిర్మాత రిక్ రూబిన్ వీళ్ళని కూర్చోబెట్టి 1970 నాటి మొదటి ఆల్బమ్ వినిపించి, ఆ రోజుల్లో ఉన్నట్టు ఆలోచించమన్నాడు. మొదటి ఆల్బమ్ ఏ వాన చప్పుడు, గంట మోతతో మొదలవుతుందో, '13' అవే చప్పుళ్ళతో ముగుస్తుంది. ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. అక్కడ 1970 తరువాత వాళ్ళకి అదే మొదటిసారి. అమెరికాలో అయితే జీవితంలోనే మొదటిసారి. 'గాడ్ ఈజ్ డెడ్?' పాటకు గ్రామీ వచ్చింది.

అభిమానులు ఏమన్నారు? సగం మంది "ఇన్నాళ్ళకు మా సబ్బాత్ తిరిగొచ్చింది" అన్నారు. మిగతా సగం "తమని తామే కాపీ కొట్టారు" అన్నారు. మారితే కల్తీ, మారకపోతే కాపీ. 60 దాటిన మనిషిని 21 ఏళ్ళ కుర్రాడిలా కోపం తెచ్చుకోమంటే తెచ్చిపెట్టుకున్న కోపమే వస్తుంది. గాయపడిన రోజునే మళ్ళీ మళ్ళీ పాడమంటే, గాయం మానిన తరువాత ఆ మనిషికి చెప్పడానికి ఏమీ లేదని ముందే తేల్చేసినట్టు.

*5. అభిమానులు గెలిచిన చోటు*

'13' మీద ఇంకొక రకం విమర్శ వచ్చింది. నాకు ఈ కథ మొత్తంలో అత్యంత విలువైనది అదే.

ఆ ఆల్బమ్‌లో బిల్ వార్డ్ లేడు. 2012 ఫిబ్రవరిలో ఆయన బహిరంగంగా చెప్పాడు: తన పనికి తగిన గౌరవం ఉన్న, సంతకం పెట్టదగిన కాంట్రాక్టు ఇస్తేనే వస్తానని. కుదరలేదు. ఆయన ఆరోగ్యం, సత్తువ చాలవన్న మాట తరువాత ఓజీ వైపు నుంచి వచ్చింది. ఆయన అది ఒప్పుకోలేదు. ఆ స్థానంలో బ్రాడ్ విల్క్ వాయించాడు. బాగానే వాయించాడు.

కొంతమంది అభిమానులు ఆ రికార్డు కొనబోమన్నారు. వాళ్ళు "పాత ధ్వని లేదు" అనలేదు. "పునాది వేసిన మనిషిని పక్కనపెట్టి ఆ పేరు ఎలా వాడతారు? ఆయన వాటా ఏది?" అని అడిగారు. ఇది స్వచ్ఛత మాట కాదు, కూలి మాట. 2017లో చివరి పర్యటన ముగింపు కూడా వార్డ్ లేకుండానే జరిగింది. అభిమానులు ఆ ఖాళీని మర్చిపోలేదు. 2025లో విల్లా పార్క్‌లో 77 ఏళ్ళ వార్డ్ డ్రమ్స్ దగ్గర కూర్చున్నప్పుడు స్టేడియంలో లేచిన హోరుకు అంత బరువు ఉన్నది అందుకే.

*6. మన లెక్క*

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. మన పాటగాళ్ళని మనం ఎలా వింటున్నాం? గద్దర్ చివరి సంవత్సరాల్లో మీటింగుల్లో, టీ కొట్ల దగ్గర నేను రెండు రకాల మాటలు విన్నాను. "దారి ఎందుకు మార్చావు, గుళ్ళకు ఎందుకు పోతున్నావు" అని అడిగినవాళ్ళు కొందరు. అది రాజకీయ ప్రశ్న, అడిగే హక్కు ఉంది. "ఆయన పని అయిపోయింది, గోచీ గొంగడి నాటి పాటలే పాటలు" అన్నవాళ్ళు ఇంకొందరు. వాళ్ళు కొత్త పాట వినకుండానే అన్నారు. మొదటివాళ్ళు ఆయన్ని మనిషిగా చూసి తగాదా పడ్డారు. రెండోవాళ్ళు బతికుండగానే ఫోటోకి దండ వేశారు.

నాకూ అప్పుడప్పుడూ చెబుతుంటారు, "అన్నా, మొదట్లో మీ రాతల్లో మంట ఉండేది" అని. ఉండేది. ఆకలి కూడా ఉండేది. ఆకలి తీరిన తరువాత ఆలోచన మొదలైంది. అది కూడా మన పోరాటం గెలిచి ఇచ్చిందే. అణగారినవాడు ఎప్పుడూ ఏడవాలి, ఎప్పుడూ మండాలి, సాగదీసి ఆలోచించే హక్కు, తప్పిపోయే హక్కు, మెత్తగా పాడే హక్కు మాత్రం వేరేవాళ్ళకి అని ఎవరు రాసిపెట్టారు?

కొత్త పాటని తిట్టండి. బాగాలేకపోతే బాగాలేదనండి. కానీ తిట్టేముందు ఒకసారి చూసుకోండి. నేను అడుగుతున్నది "ఇది మైలపడిందా?" అనా, "ఇందులో ఎవరికి అన్యాయం జరిగింది?" అనా? మొదటి ప్రశ్న అడిగితే మనువు పక్కన కూర్చుంటాం. రెండోది అడిగితే బిల్ వార్డ్ పక్కన.

వీలైతే మొదటి ఆల్బమ్, 2024 మిక్స్ 'ఫర్బిడెన్', '13' ఇదే వరుసలో వినండి. నచ్చకపోతే నచ్చలేదని కింద రాయండి, కారణం కూడా రాయండి. వచ్చే భాగంలో బాడీ కౌంట్ గురించి, పోలీసుల మీద పాట పాడితే 1992లో ఏం జరిగిందో మాట్లాడుకుందాం.

జై భీమ్.