ట్రాన్సిషనల్ జస్టిస్ అంటే ఏమిటి? పోయినవాళ్లని గుర్తుంచుకోవడం కూడా న్యాయమేనా?

ప్రభుత్వ బలగాల చేతుల్లో మనుషులు చనిపోయినా, అమాయకులు తప్పుడు కేసుల్లో జైలుపాలైనా, ఆ గాయాన్ని సమాజం ఎలా సరిదిద్దుకోవాలో చెప్పే పద్ధతినే ట్రాన్సిషనల్ జస్టిస్ అంటారు. ఐక్యరాజ్యసమితి దీనికి నాలుగు ఆధారాలు చెబుతుంది. నిజం బయటపెట్టడం, దోషుల్ని విచారించడం, బాధితులకు పరిహారం ఇవ్వడం, మళ్లీ జరగదని హామీ ఇవ్వడం. 2020లో ఐరాస ప్రత్యేక ప్రతినిధి జ్ఞాపకాన్ని ఐదో ఆధారంగా చేర్చారు. అర్జెంటీనాలో మాయమైన బిడ్డల కోసం 1977 నుంచి తల్లులు ప్రతి గురువారం కూడలిలో నడిచింది ఈ జ్ఞాపకం కోసమే.

మన దగ్గర ఏం జరిగింది?

2007 మే 18, జుమా రోజు. హైదరాబాద్ మక్కా మసీదు పేలుడులో 9 మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో 5గురు చనిపోయారు. ఎంతోమంది ముస్లిం యువకుల్ని పట్టుకెళ్లారు. కోర్టులు వాళ్లని నిర్దోషులుగా వదిలేశాయి. ప్రభుత్వం కొందరికి రూ.3 లక్షల చొప్పున పరిహారం, మంచి నడవడిక సర్టిఫికెట్లు ఇచ్చింది. కానీ 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. చట్టం లేకుండా ప్రభుత్వ దయ మీద ఇచ్చేది నిలబడదని ఇక్కడే తెలుస్తుంది. 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో తప్పుడు కేసుల బాధితులకు ప్రత్యేక చట్ట నిబంధనలు కావాలని సిఫారసు చేసింది.

2015 ఏప్రిల్ 7న ఒకే రోజు రెండు ఎన్‌కౌంటర్లు. ఆలేరు దగ్గర కోర్టుకు తీసుకెళ్తున్న 5గురు ముస్లిం విచారణ ఖైదీలు చనిపోయారు. మన కార్వేటినగరం వాళ్లకి బాగా తెలిసిన శేషాచలం కొండల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. మతం వేరు, భాష వేరు, ఇంట్లోవాళ్ల ప్రశ్న మాత్రం ఒకటే: అసలు ఏం జరిగింది?

స్తూపం ఎందుకు?

1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క 13 మంది. పౌరహక్కుల సంఘాలు అంతకన్నా చాలా ఎక్కువంటాయి. అక్కడి స్తూపాన్ని ఒకసారి కూల్చేశారు, మళ్లీ కట్టారు. ఏళ్ల తరబడి ఏప్రిల్ 20న అక్కడ పోలీసు ఆంక్షలే. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అదే స్తూపం దగ్గర నివాళి అర్పించారు. నలభై ఏళ్లు జనం మరవకపోబట్టే అది సాధ్యమైంది. అయితే నివాళి ఒక్కటే చాలదు. విచారణ లేకుండా పూలదండ వేస్తే అది సగం న్యాయమే.

కుటుంబాలు చేయగలిగింది

ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, కోర్టు తీర్పు కాపీలు భద్రంగా దాచుకోండి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు ఘటన జరిగిన ఏడాదిలోపే చేయాలి, తెలుగులో కూడా రాయొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు చూసింది పేర్లు, తేదీలతో సహా రాసి పెట్టండి. పోయినవాళ్ల కోసం దువా చేస్తాం, వాళ్ల కాగితాలు కాపాడటమూ మన బాధ్యతే.