కవిలె కట్ట నుంచి సర్వర్ దాకా: గోదావరి డెల్టాలో లెక్కల కాపలా

గోదావరి డెల్టాలో భూమి లెక్కలకు కాపలా కాసిన చోట్లు గడచిన నూట డెబ్బై ఏళ్లలో మూడు: మొదట గ్రామ కరణం ఇల్లు, ఆ తరువాత సబ్ రిజిస్ట్రారు కార్యాలయం, చివరికి సర్వర్. నెట్‌వర్క్ ద్వారా ఒకేసారి అనేక మంది అడిగినదానికి బదులిస్తూ రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే కంప్యూటరును సర్వర్ అంటారు. లెక్క తాటాకు మీద ఉన్నా, కాగితం మీద ఉన్నా, డిస్కులో ఉన్నా దాన్ని కాపాడే వారికి ఎదురయ్యే ప్రశ్నలు నాలుగే. రాసే అధికారం ఎవరిది, చూసే అధికారం ఎవరిది, ఎవరైనా దిద్దితే ఆ సంగతి ఎలా బయటపడుతుంది, మూలం నశిస్తే మళ్లీ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? కొత్త లినక్స్ సర్వర్‌ను నెలకొల్పి భద్రపరచే పని నేడు ఒక నియమావళిగా స్థిరపడిందంటే, అందులోని ఒక్కొక్క నియమం ఈ నాలుగింటిలో ఏదో ఒక ప్రశ్నకు ఎప్పుడో జరిగిన నష్టం నేర్పిన సమాధానమే.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువల కింద మాగాణి విస్తరించిన తరువాత, డెల్టాలో ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణం ఉంది, అందులో ఏ పంట వేశారు, ఎవరు సాగు చేస్తున్నారు అన్న వివరాల విలువ భూమి విలువతో పాటే పెరిగింది. ఆ వివరాలను అడంగల్ అనే గ్రామ లెక్కలో ఏటా నమోదు చేసేవాడు కరణం. ఒకప్పుడు తాటాకు కవిలె కట్టలుగానూ, తరువాత కాగితపు దస్త్రాలుగానూ ఉన్న ఆ లెక్కలు చాలా ఊళ్లలో అతని ఇంట్లోనే ఉండేవి. ఏడాదికొకసారి రెవెన్యూ అధికారులు జమాబందీ పేరుతో గ్రామ లెక్కలను తనిఖీ చేసేవారు కాని, మిగిలిన కాలమంతా రాసేవాడూ, దాచేవాడూ, అడిగినవారికి చూపేవాడూ ఒక్కడే. చాలాకాలం వంశపారంపర్యంగా సాగిన ఆ పదవిని, మునసబు పదవితో సహా, ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984లో రద్దు చేసింది. దానితో గ్రామ లెక్క ఒక ఇంటి అధీనం నుంచి ప్రభుత్వోద్యోగి అధీనంలోకి వచ్చింది. అయితే అధికారాన్ని ఒకరి నుంచి మరొకరికి మార్చినంత మాత్రాన దాన్ని విభజించినట్లు కాదు.

విభజన సూత్రాన్ని అంతకు చాలా ముందే అమలుచేసినది రిజిస్ట్రేషన్ శాఖ. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దస్తావేజులను నకలు చేసే పుస్తకాల పుటలకు ముందే వరుస సంఖ్యలు అచ్చయి ఉండాలి, మొత్తం పుటలెన్నో మొదటి పేజీ మీద అధికారి ధ్రువీకరించాలి. అందువల్ల ఒక పుటను చించివేస్తే సంఖ్యల వరుసే ఆ సంగతి బయటపెడుతుంది. కొట్టివేతలు, పంక్తుల మధ్య చేర్పులు ఉన్న దస్తావేజును, వాటి పక్కన రాసి ఇచ్చినవారి సంతకమో పొడి సంతకమో లేకపోతే, అధికారి తిరస్కరించవచ్చు. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే ఒకటవ పుస్తకాన్ని రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు. వీలునామాలు ఎక్కే మూడవ పుస్తకానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. జిల్లా రిజిస్ట్రారు కార్యాలయానికి నిప్పంటని పెట్టె ఒకటి ప్రభుత్వమే సమకూర్చాలని కూడా అదే చట్టం నిర్దేశించింది. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, నరసాపురం, భీమవరం కార్యాలయాల్లో తరతరాల గుమాస్తాలు దస్తావేజులను చేతితో నకలు చేసినదీ, ఒక భూమి మీద తాకట్టు ఉన్నదా లేదా అని చెప్పే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) కోసం ఏళ్ల తరబడి సూచికలను తిరగేసినదీ ఈ నియమాల కిందనే.

ఈ వ్యవస్థలోకి కంప్యూటరు విడతలు విడతలుగా వచ్చింది. 1980ల చివరికి నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ఉపగ్రహ నెట్‌వర్క్ జిల్లా కేంద్రాలను కలిపింది. 1998 నవంబరు 4న రాష్ట్రంలో రెండు వందలకు పైగా రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో ‘కార్డ్’ పథకం మొదలై, నకలు రాసే పనిని స్కానింగుకు, ఈసీ వెతుకులాటను కంప్యూటరుకు అప్పగించింది. పుస్తకాలను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచడానికి అనుమతినిస్తూ 2001లో కేంద్రం రిజిస్ట్రేషన్ చట్టానికి 16-ఏ సెక్షన్‌ను చేర్చింది. ప్రభుత్వ సేవలను ఒకేచోట అందించడానికి హైదరాబాదులో 2001లో ప్రారంభమైన ఈ-సేవ మరుసటి ఏడాది పశ్చిమ గోదావరి జిల్లాలో గ్రామీణ రూపం దాల్చగా, మండల కేంద్రాల్లోని ఆ కేంద్రాలను మహిళా స్వయం సహాయక సంఘాల సభ్యులు నడిపారు. బిల్లుల చెల్లింపు, ధ్రువపత్రాలు, ఫిర్యాదుల వంటి పనులకు గ్రామస్థులు ఆ కేంద్రాల్లో కంప్యూటరు ముందు కూర్చున్న తమ ఊరి మహిళనే ఆశ్రయించారు. అప్పటివరకు గుమాస్తా సంతకం నిర్వహించిన పాత్ర ఆ క్షణం నుంచి పాస్‌వర్డు చేతికి వచ్చింది.

ఇక్కడ సర్వర్ల వైపు చరిత్రను కొంత వెనక్కి వెళ్లి చూడాలి. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పుట్టిన యూనిక్స్, ప్రతి ఫైలుకూ యజమాని, సమూహం, ఇతరులు అనే మూడు వర్గాలను ఏర్పరచి, ఒక్కొక్క వర్గానికి చదవడం, రాయడం, నడపడం అనే హక్కులను విడివిడిగా పంచింది. అయితే ఈ హక్కుల లెక్క ఏదీ వర్తించని ‘రూట్’ అనే ఒక ఖాతాను కూడా అది ఉంచింది. రూట్‌గా ప్రవేశించినవాడు ఏ ఫైలునైనా చదవగలడు, మార్చగలడు, తన జాడలను సైతం చెరిపివేయగలడు. పాత డెల్టా గ్రామంలో దస్త్రమంతా తన ఇంట్లో పెట్టుకున్న కరణం లాంటివాడే ఈ రూట్. ఆ అధికారాన్ని అవసరమైనంత మేరకు, అవసరమైన పనికి మాత్రమే, ఎవరు వాడారో నమోదు చేస్తూ ఇచ్చే ‘సుడో’ అనే ఉపకరణం 1980 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు బఫెలో శాఖలో తయారైంది. యూనిక్స్ పద్ధతులను అనుసరించి లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రకటించిన లినక్స్, ఈ హక్కుల విభజననూ రూట్ సమస్యనూ రెండింటినీ వారసత్వంగా పొందింది. ఉచితంగా నకలు చేసుకోగలిగిన ఆ వ్యవస్థ భారతదేశంలో చాలా మందికి చేరినది పీసీక్వెస్ట్ పత్రిక 1996 నుంచి తన సంచికలతో ఇచ్చిన సీడీల ద్వారా. ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమివ్వాలన్న కేంద్ర విధానం వెలువడినది 2015లో.

పాస్‌వర్డు ఒక్కటే కాపలాకు చాలదని 1988 నవంబరు 2న విడుదలైన మోరిస్ వర్మ్ తేల్చిచెప్పింది. తనంతట తాను ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి పాకే ఆ ప్రోగ్రాము సాఫ్ట్‌వేర్ లోపాలతో పాటు, సులువుగా ఊహించగల పాస్‌వర్డులను కూడా వాడుకుని వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. ఆ రోజుల్లో దూరంలోని సర్వర్‌తో మాట్లాడడానికి వాడిన టెల్‌నెట్ పద్ధతిలో పాస్‌వర్డు నెట్‌వర్క్ మీద యథాతథంగా ప్రయాణించేది. దారిలో పొంచి ఉన్నవాడు దాన్ని చదవగలిగేవాడు. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో అటువంటి దొంగతనం జరిగిన తరువాత తాతు ఇలోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ అనే సంకేతబద్ధ మార్గాన్ని రూపొందించాడు. అందులో పాస్‌వర్డుకు బదులు తాళపుచెవుల జంటను వాడవచ్చు: ఒక చెవి సర్వర్‌లో బహిరంగంగా ఉంటుంది, రెండవది వినియోగదారు కంప్యూటరును దాటి బయటకు రాదు.

ఈ అనుభవాలన్నీ కలిసి కొత్త సర్వర్ మీద మొదటి గంటలో జరిగే పనికి ఒక క్రమాన్ని ఏర్పరచాయి. డెబియన్ లేదా ఉబుంటు వంటి లినక్స్‌ను అవసరమైన ప్యాకేజీలతో మాత్రమే స్థాపించిన తరువాత నిర్వాహకుడు ముందుగా అప్‌డేట్లను అమలుచేస్తాడు. ఆపై ఒక సాధారణ ఖాతాను సృష్టించి దానికి సుడో హక్కు ఇచ్చి, తన బహిరంగ చెవిని అందులో ఉంచుతాడు. ఆ తరువాతనే ఎస్‌ఎస్‌హెచ్ అమరికల ఫైలులో రూట్‌గా నేరుగా ప్రవేశించడాన్ని, పాస్‌వర్డుతో ప్రవేశించడాన్ని నిలిపివేస్తాడు. ఇక్కడ అనుభవజ్ఞులు తప్పకుండా పాటించే జాగ్రత్త ఒకటి ఉంది: కంప్యూటరు తెర మీద తెరిచి ఉన్న కిటికీని మూయకుండా, రెండవ కిటికీలో కొత్త ఖాతాతో ప్రవేశం సాధ్యమవుతున్నదని నిర్ధారించుకుంటారు, లేకపోతే చెవి లోపలే ఉండిపోయి తలుపు మూసుకుపోతుంది. ఆపై ఫైర్‌వాల్, అంటే వచ్చే పోయే సమాచారాన్ని నియమాల ప్రకారం అనుమతించే లేదా ఆపే సాఫ్ట్‌వేర్, అమలులోకి వస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు 22, వెబ్ సేవకు 80, 443 సంఖ్యల పోర్టులను, అంటే సమాచారం వచ్చిపోయే ద్వారాలను, తెరిచి తక్కినవన్నీ మూస్తారు. ఇంత జాగ్రత్త ఎందుకన్నవారికి ప్రవేశ ప్రయత్నాలను నమోదు చేసే లాగ్ ఫైలు జవాబు చెబుతుంది. ఇంటర్నెట్‌కు తెరిచిన సర్వర్‌లో ఆ ఫైలును కొద్ది గంటల తరువాత చదివితే, ఎక్కడివో తెలియని చిరునామాల నుంచి రూట్, అడ్మిన్, టెస్ట్ వంటి పేర్లతో విఫలమైన ప్రయత్నాలు వరుసగా కనిపిస్తాయి.

తాళం ఉన్నంత మాత్రాన అది గట్టిదని అర్థం కాదని 2008 మేలో డెబియన్ వాడుకరులు తెలుసుకున్నారు. ఏడాదిన్నరకు పైగా ముందు జరిగిన ఒక చిన్న సవరణ వల్ల ఆ వ్యవస్థ తయారుచేసిన తాళపుచెవులు ఒక్కొక్క రకానికి 32,768 లోపు సాధ్యాలకే పరిమితమై, కంప్యూటరుతో వాటన్నింటినీ వరుసగా ప్రయత్నించి చూడడం తేలికైంది. మరమ్మతు అందుబాటులో ఉన్నా వేయకపోతే ఏమవుతుందో 2017 మేలో వచ్చిన వన్నాక్రై చూపింది. విండోస్ యంత్రాలకు సోకిన ఆ దాడికి మందు మార్చిలోనే విడుదలైనప్పటికీ, ప్రపంచవ్యాప్తంగా లక్షల కంప్యూటర్లతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. లినక్స్ వాడేవారికి ఇందులో గర్వించవలసినదేమీ లేదు. అప్‌డేట్ వేయని యంత్రం ఏ వ్యవస్థదైనా ప్రమాదంలోనే ఉంటుంది.

నాలుగవ ప్రశ్న, అంటే నశించినదాన్ని తిరిగి తెచ్చుకోవడం, డెల్టాకు మరింత దగ్గరిది. 1986 ఆగస్టులో గోదావరి గట్లు తెగి ఊళ్లు మునిగాయి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుపాను కొబ్బరి తోటలనూ విద్యుత్ స్తంభాలనూ కలిపి కూల్చింది. నేల మట్టానికి దగ్గరగా ఉన్న కార్యాలయంలో సర్వర్ పక్కనే బ్యాకప్ డిస్కును ఉంచితే, రెండూ ఒకే వరదకు పోతాయి. అందుకే మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి మరొక ఊళ్లో అన్న సూత్రం వ్యవహారంలోకి వచ్చింది. బ్యాకప్ తీసుకోవడంతో పని సగమే పూర్తవుతుంది. దాని నుంచి దత్తాంశాన్ని తిరిగి నిలబెట్టి చూసినప్పుడే అది పనికివచ్చే ప్రతి అని రుజువవుతుంది.

గత దశాబ్దంలో డెల్టాలో సర్వర్ దూరమై దాని తలుపు దగ్గరైంది. 2016 డిసెంబరులో సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామానికి ఏపీ ఫైబర్‌నెట్ ఇంటర్నెట్ సేవ వచ్చింది. 2019 అక్టోబరు 2న అప్పటి తూర్పు గోదావరి జిల్లా కరపలో గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమై, ప్రతి సచివాలయంలో ఒక డిజిటల్ అసిస్టెంట్ చేరాడు. దత్తాంశం ఇప్పుడు దూరంలోని డేటా కేంద్రాల్లో ఉన్నా, దానిలోకి వెళ్లే దారులు ఊరూరా తెరుచుకున్నాయి. కనుక సర్వర్‌ను ఎంత పకడ్బందీగా అమర్చినా, సచివాలయంలో ఒకే పాస్‌వర్డును నలుగురు పంచుకుంటే మొదటి గంటలో చేసిన శ్రమ వృథా అవుతుంది, ఎవరు మార్చారన్న ప్రశ్నకు లాగ్ ఇచ్చే సమాధానం కూడా అబద్ధమవుతుంది.

2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశానికి అర సెకను ఎక్కువ పడుతున్నదని గమనించి కూపీ లాగితే, ఎక్స్‌జెడ్ అనే సాధారణ ఉపకరణంలో ఎవరో నమ్మకస్తుడిగా చేరి దొంగదారి పెట్టిన సంగతి బయటపడింది. ప్రోగ్రాము సోర్సు కోడు అందరికీ తెరిచి ఉండడమే రక్షణ కాదనీ, దాన్ని చదివేవారు ఉండాలనీ ఆ ఘటన రుజువు చేసింది. లాగ్‌ల విషయానికి వస్తే, భారత ప్రభుత్వపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో జారీచేసిన ఆదేశాల ప్రకారం సంస్థలు వాటిని 180 రోజులు భద్రపరచాలి, దాడి సంగతి తెలిసిన 6 గంటల్లోగా తెలియజేయాలి. 1908 నాటి పుటల సంఖ్యలు ఆశించినది కూడా ఇదే: దిద్దుబాటు జరిగితే జాడ మిగలాలి. అయితే జాడ మిగిలితే చాలదు, దాన్ని చూసేవారు కావాలి. జమాబందీలో ఒక అధికారి ఏటా గ్రామ లెక్కలు చూసినట్లే, డెల్టాలో సొంత సర్వర్ నడుపుతున్న ప్రతి కళాశాల, ఆసుపత్రి, సహకార సంఘం లాగ్‌ను వారానికొకసారైనా చదివే బాధ్యతను, మూడు నెలలకొకసారైనా బ్యాకప్‌ను నిలబెట్టి చూసే బాధ్యతను పేరుతో సహా ఒకరికి అప్పగించాలి.